ఉద్యోగం పీకేశాక ఎక్కే గుమ్మాలు: లేబర్ కోర్టు, ఆర్బిట్రేటర్, హైకోర్టు... దగ్గరుండి చూసినవాడి రివ్యూ

ముందే మార్కులు వేసేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చెప్పుకుందాం. మిస్‌కండక్ట్ అని చెప్పి ఉద్యోగం పీకేస్తే కార్మికుడు వెళ్లగలిగే చోట్లలో లేబర్ కోర్టుకి ఐదుకి మూడున్నర. హైకోర్టుకి రెండు. ఆర్బిట్రేటర్‌కి, అంటే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకునే మధ్యవర్తికి, మార్కులు వేయలేను, అదంతా ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. వీటన్నిటికంటే ముందు కంపెనీలోనే డొమెస్టిక్ ఎంక్వయిరీ అని ఒకటి జరుగుతుంది చూశారూ, దానికి వేయాల్సి వస్తే మైనస్ మార్కులే వేస్తాను, కానీ అసలు ఆటంతా అక్కడే అయిపోతుంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

నేను లాయర్ని కాను. ఓ ఫ్యాక్టరీలో యూనియన్ పనులు చూస్తాను. ఛార్జిషీటు (కంపెనీ ఇచ్చే ఆరోపణల కాగితం) వచ్చినవాళ్లకి జవాబు రాసిపెట్టడం, ఎంక్వయిరీలో పక్కన డిఫెన్స్ అసిస్టెంట్‌గా కూర్చోవడం, ఆ తర్వాత వాయిదాలకి వెంట తిరగడం నా వంతు. కంపెనీ పేరు, మనుషుల పేర్లు రాయను, దయచేసి అడగొద్దు. కోర్టు తీర్పుల్లో ఉన్న విషయాలు మాత్రం ధైర్యంగా రాస్తాను, అవి ఎవరైనా తీసి చదువుకోవచ్చు.

అసలు ఈ లేబర్ కోర్టు సర్వీసులో మనకి దొరికేదేంటో ముందు తెలియాలి. 1971కి ముందు ఇది దాదాపు దండగమారి వ్యవహారం. ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కేసులో 1957లో సుప్రీంకోర్టు గీసిన గీత ఏంటంటే, యాజమాన్యం దురుద్దేశంతో చేసిందనో, కక్ష సాధించిందనో, సహజ న్యాయం (ఎదుటివాడి మాట వినడం లాంటి కనీస పద్ధతులు) పాటించలేదనో, బుర్ర ఉన్నవాడెవడూ ఆ సాక్ష్యం మీద అలాంటి నిర్ణయానికి రాడనో చూపిస్తే తప్ప ట్రిబ్యునల్ వేలు పెట్టకూడదు. శిక్ష ఎక్కువైందా తక్కువైందా అన్నది పూర్తిగా యాజమాన్యం ఇష్టం. 1971 డిసెంబర్ 15 నుంచి పారిశ్రామిక వివాదాల చట్టంలో (ఇప్పుడు దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది, ఆ సంగతి చివర్లో చెబుతాను, అప్పటిదాకా నేను చెప్పే నంబర్లు పాత చట్టానివే) 11ఏ సెక్షన్ అమల్లోకి వచ్చింది, దాంతో లెక్క మారింది. తప్పు నిజంగా రుజువైందా అని లేబర్ కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచి చూడొచ్చు, తప్పు రుజువైనా సరే డిస్మిసల్ మరీ ఎక్కువ అనిపిస్తే తగ్గించి ఇంక్రిమెంట్లు ఆపడంతో సరిపెట్టొచ్చు. పై కోర్టులు వేటికీ ఇంత చొరవ లేదు. నేను లేబర్ కోర్టుకి ఇచ్చిన మూడున్నరలో మూడు ఈ ఒక్క సెక్షన్‌వే.

ఇక్కడ మన రాష్ట్రం గొప్ప ఒకటి చెప్పుకోవాలి, ఎవరూ చెప్పుకోరు కాబట్టి. ఒక్కడి డిస్మిసల్‌ని కూడా పారిశ్రామిక వివాదంగా లెక్కేయాలని 1965లోనే 2ఏ సెక్షన్ తెచ్చారు, కానీ కేసు కోర్టుకి చేరాలంటే ప్రభుత్వం రిఫర్ చేయాలి, ఆ ఫైలు సచివాలయంలో ఎప్పుడు కదులుతుందో దేవుడికే ఎరుక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లో చట్టాన్ని సవరించుకుని, ఉద్యోగం పోయినవాడు నేరుగా లేబర్ కోర్టుకి వెళ్లొచ్చని వీలు కల్పించింది. దేశం మొత్తానికి ఆ వీలు దొరికింది 2010లో. అంటే ఈ ఒక్క విషయంలో మనం ఇరవై ఏళ్లకి పైగా ముందున్నాం. మన దగ్గర సీనియర్ లేబర్ లాయర్లు ఇప్పటికీ ‘టూ ఏ టూ పిటిషన్’ అని అలవోకగా అంటుంటారు, ఆ మాట వెనకున్న కథ ఇదే.

ఖర్చు సంగతికొస్తే, సివిల్ దావాలాగా దావా విలువ మీద కోర్టు ఫీజు కట్టక్కర్లేదు. లాయరు ఫీజు మాత్రం మామూలే. చట్టం ప్రకారం అయితే ఎదుటిపక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే లాయరు రావాలి, 36వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ అదే చెబుతుంది, కార్మికుడికి యూనియన్ నాయకుడు మాట్లాడితే చాలని అప్పటివాళ్ల ఉద్దేశం. కానీ ఆచరణలో రెండు వైపులా వకాలత్‌లు పడిపోతాయి, ఎవరూ అభ్యంతరం పెట్టరు. కంపెనీ తరఫున ఓ లా ఆఫీసు మొత్తం దిగుతుంటే మనవాడు ఒంటరిగా నిలబడటం కుదిరే పని కాదు కాబట్టి నేను కూడా లాయర్ని పెట్టుకోమనే చెబుతాను. ఒకటే షరతు, లేబర్ కేసులు చేసేవాళ్లనే పెట్టుకోండి. భూముల కేసులు చేసే పెద్ద లాయరు మీ బంధువైనా సరే వద్దు.

టైమ్ విషయంలో మాత్రం నేనేం వెనకేసుకురాను. పొద్దున్నే వెళ్లి గోడకి అంటించిన లిస్టులో నంబరు వెతుక్కోవడం, పిలుపు వచ్చేదాకా బెంచీ మీద కూర్చోవడం, పిలిచాక నిమిషంలో ‘ఎం.డబ్ల్యూ.వన్ రాలేదు సార్’ అని కంపెనీ జూనియర్ లాయరు అనడం, వాయిదా పడటం. ఎం.డబ్ల్యూ.వన్ అంటే మేనేజ్‌మెంట్ వారి మొదటి సాక్షి, ఆయన ఆ రోజు ఎక్కడికీ వెళ్లలేదు, షిఫ్టులోనే ఉన్నాడని మాకు తెలుసు, ఆ మాట పైకి అంటే మళ్లీ అది నిరూపించమంటారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని ఊరికే అనలేదు పెద్దలు. రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాడికి ఆ నిమిషం చాలా ఖరీదైంది. సగం మార్కు అక్కడ కోశాను, ఇంకో మార్కు ఎక్కడ పోయిందో కింద చెబుతాను.

ఇప్పుడు ఎంక్వయిరీ గది. మా స్టోర్స్‌లో పనిచేసే అన్న ఒకాయన మీద గేటు దగ్గర సూపర్‌వైజర్ని తిట్టాడని, చొక్కా పట్టుకున్నాడని ఛార్జిషీటు ఇచ్చారు. తిట్టిన మాట నిజమే, ఆయనే ఒప్పుకుంటాడు, చొక్కా పట్టుకోవడం అబద్ధం. ఎంక్వయిరీ ఆఫీసర్‌గా బయటినుంచి ఓ రిటైర్డ్ అధికారిని పెట్టారు, ఆయన ఫీజు కంపెనీయే ఇస్తుంది, ఇది చట్టవిరుద్ధం కాదని ముందే తెలుసుకోండి, ‘వాళ్ల మనిషే కదా, ఎంక్వయిరీ చెల్లదు’ అని కోర్టులో వాదించి ఏమీ సాధించలేరు. మొదటి సిట్టింగ్‌కి మమ్మల్ని పిలవలేదు, డిఫెన్స్ అసిస్టెంట్ కావాలని రాసివ్వాలన్న సంగతి అన్నకి తెలియదు. సూపర్‌వైజర్ సాక్ష్యం చెప్పాడు, అది ఇంగ్లీషులో టైపు అయింది. ‘క్రాస్ చేస్తావా?’ అని అడిగారట. ‘పెద్దాయన, ఆయన్ని నేనేం అడుగుతాను సార్’ అన్నాడట మా అన్న. కాగితం మీద పడింది మాత్రం ‘నిల్’. ప్రతి పేజీ కింద సంతకం. తనకి ఇంగ్లీషు చదవడం రాదని, తెలుగులో చదివి వినిపించమని ఎక్కడా రాయించలేదు. మర్యాదకి అన్న మాట రికార్డులో ఒప్పుకోలు అయి కూర్చుంది.

ఆ ‘నిల్’ ఎంతదూరం వెంటపడుతుందో తెలుసా? 11ఏ సెక్షన్ చివర్లో ఒక నిబంధన ఉంది: ఉన్న రికార్డు చూసే తేల్చాలి, కొత్త సాక్ష్యం తీసుకోకూడదు అని. ఎంక్వయిరీ సవ్యంగా జరిగిందని లేబర్ కోర్టు ముందుగా తేలిస్తే, అక్కడినుంచి జడ్జిగారి ముందున్నది ఆ టైపు కాగితాలే. మీరు బోనెక్కి ఎంత బాగా చెప్పినా, గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ని ఇప్పుడు తీసుకొచ్చినా పని జరగదు. వాచ్‌మన్‌ని ఎంక్వయిరీలోనే సాక్షిగా పిలవమని రాసివ్వాల్సింది, వాళ్లు పిలవకపోతే ఆ పిలవకపోవడమే మనకి ఆయుధమయ్యేది.

సాక్ష్యం బలంగా లేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఇంకో రకం. క్రిమినల్ కేసుల సినిమాలు చూసి చూసి ‘ప్రత్యక్ష సాక్షి లేడు, కేసు కొట్టేస్తారు’ అనుకుంటారు. 1977లో హర్యానా కండక్టర్ కేసు చదవండి. తనిఖీ బృందం బస్సు ఆపితే పదకొండు మంది దిగారు, టిక్కెట్లు లేవు, డబ్బులిచ్చామన్నారు. వాళ్లలో ఒక్కరిని కూడా ఎంక్వయిరీలో విచారించలేదు. కింది కోర్టులు ఇదేం సాక్ష్యమని కండక్టర్ వైపు నిలబడ్డాయి. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, అంటే కార్మికుల పక్షపాతి అని పేరున్న ఆ కృష్ణయ్యరే, సాక్ష్యాధారాల చట్టం డొమెస్టిక్ ఎంక్వయిరీకి వర్తించదు, ఇన్‌స్పెక్టర్ చెప్పింది కొంత సాక్ష్యమే, ఆ కొంత చాలు అని తేల్చేశారు. మన ఆర్టీసీ డిపోల్లో చెక్కింగ్ కేసులన్నిటికీ ఇప్పటికీ ఇదే దిక్కు. ప్రయాణికుడిని పిలవలేదన్న వాదన మీద ఆశ పెట్టుకున్న కండక్టర్ తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోండి.

సరే, ఎంక్వయిరీ సవ్యంగా జరగలేదని కోర్టు అంటే గెలిచినట్టేనా? కాదు, చాలామంది అక్కడే స్వీట్లు పంచేస్తారు. ఫైర్‌స్టోన్ టైర్ కేసులో 1973లో సుప్రీంకోర్టు చెప్పింది, ఎంక్వయిరీ చెడిపోయినా, అసలు జరపకపోయినా, యాజమాన్యం కోర్టులోనే మొదటిసారి సాక్షుల్ని తెచ్చి తప్పు రుజువు చేసుకోవచ్చు అని. అంటే మనం కష్టపడి ఎంక్వయిరీని పడగొడితే వాళ్లకి రెండో అవకాశం దొరుకుతుంది, ఈసారి లాయరు దగ్గరుండి సాక్షికి తర్ఫీదు ఇచ్చి మరీ తెస్తాడు. దీనికి ఒక్క బ్రేకు ఉంది. అలా రుజువు చేసుకునే అవకాశం కావాలని యాజమాన్యం తన మొదటి రాతపూర్వక జవాబులోనే అడగాలి, కర్ణాటక ఆర్టీసీ కేసులో 2001లో ఐదుగురు జడ్జీల బెంచ్ ఈ సంగతి ఖాయం చేసింది. కాబట్టి కంపెనీ కౌంటర్ కాపీ చేతికి రాగానే చివరి పేరాల్లో ఆ వాక్యం ఉందా లేదా అని మీ లాయర్ని అడగండి. సాధారణంగా ఉంటుంది, వాళ్ల ఫార్మాట్‌లోనే ఉంటుంది.

ఇక శిక్ష తగ్గించే దగ్గరకి వద్దాం, జనం ఎక్కువగా ఆశపడేది దీని మీదే. 1982లో ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో పై అధికారితో ఒకసారి దురుసుగా మాట్లాడినవాడికి, అంతకుముందు మచ్చలేని సర్వీసు ఉందని చూసి, ఉద్యోగం తీసేయడం ఎక్కువని సుప్రీంకోర్టు రెండు ఇంక్రిమెంట్లు ఆపడంతో సరిపెట్టింది. ఈ తీర్పు చూపించి లాయర్లు భరోసా ఇస్తారు. 2005కి వచ్చేసరికి గాలి మారిపోయింది. మహీంద్రా అండ్ మహీంద్రా కేసులో తోటివాళ్ల ముందు అధికారిని బూతులు తిట్టినవాడి డిస్మిసల్‌ని అదే సుప్రీంకోర్టు సమర్థించింది, 11ఏ ఉందని లేబర్ కోర్టు ఇష్టమొచ్చినట్టు దయ చూపకూడదు, శిక్ష చూస్తే మనస్సాక్షి ఉలిక్కిపడేంత ఎక్కువైతేనో, తగ్గించదగ్గ పరిస్థితులుంటేనో తగ్గించాలి అంది. అదే ఏడాది భారత్ ఫోర్జ్ కేసు. 1983 ఆగస్టు 26, పొద్దున పదకొండు నలభైకి, ఓ హెల్పర్ పనిచేసే చోటే ఇనుప ప్లేటు మీద పడి నిద్రపోతూ దొరికాడు. అంతకుముందు మూడుసార్లు శిక్ష పడిన రికార్డు ఉంది. కేసు కోర్టు మెట్లన్నీ ఎక్కి 2005 జనవరిలో సుప్రీంకోర్టులో ముగిసింది, డిస్మిసల్ సరైనదే అని. ఇరవై రెండో ఏడు నడుస్తుండగా. ఆ మనిషి జీవితంలో పనిచేయగలిగే వయసంతా ఆ ఒక్క కునుకు మీద వాదనలోనే పోయిందని నాకనిపిస్తుంది.

డబ్బు వ్యవహారమైతే అసలు ఆశలు పెట్టుకోకండి. కర్ణాటకలో ఈశాన్య ఆర్టీసీ కేసు 2006లో వచ్చింది, కండక్టర్ వాడుకున్నాడన్న సొమ్ము 360 రూపాయల 95 పైసలు. మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు, నమ్మకం పోయిందన్నదే ముఖ్యం అని కోర్టు అంది. నాకు ఈ తర్కం సగమే ఎక్కుతుంది. పెద్ద సంస్థలో మేనేజర్ తప్పుడు బిల్లులు పెడితే రాజీనామా రాయించుకుని గౌరవంగా పంపేస్తారు, కండక్టర్ దగ్గరకి వచ్చేసరికే నమ్మకం అన్న మాట వినపడుతుంది. లేబర్ కోర్టుకి కోసిన ఆ ఇంకో మార్కు ఇక్కడిదే, చట్టం చేతికిచ్చిన అధికారాన్ని పై తీర్పులకి భయపడి వాడకుండా దాచుకునే జడ్జిమెంట్లు చాలా చదివాను.

మా అన్న కేసులో లేబర్ కోర్టు తిట్టింది రుజువైంది, చొక్కా పట్టుకున్నది కాలేదు అంది. సూపర్‌వైజర్ మొదట రాసిచ్చిన కంప్లయింట్‌లో చొక్కా మాట లేదు, ఛార్జిషీటులో కొత్తగా పుట్టుకొచ్చింది, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాం. అంతకుముందు మెమో కూడా లేని సర్వీసు. ఇంక్రిమెంట్ల కోతతో, సగం బ్యాక్ వేజెస్‌తో (బయట ఉన్న కాలానికి రావాల్సిన జీతం) ఉద్యోగంలోకి తీసుకోమని అవార్డు, అంటే తీర్పు, వచ్చింది. కంపెనీ హైకోర్టుకి వెళ్లింది.

హైకోర్టుకి రెండే మార్కులు ఎందుకిచ్చానంటే, జనం అక్కడ దొరకనిదాన్ని దొరుకుతుందనుకుని వెళ్తారు. ఇంటర్ మార్కుల భాషలో చెప్పాలంటే అది రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ కాదు. ఈ సూత్రానికి మూలమైన తీర్పు మన దగ్గరినుంచే వెళ్లింది. 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్ డిస్మిసల్ మీద సుప్రీంకోర్టుకి వెళితే, శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టులా కూర్చోకూడదు, విచారణ అధికారం ఉన్నవాళ్లు పద్ధతి ప్రకారం జరిపారా, కొంతైనా సాక్ష్యం ఉందా, అంతవరకే చూడాలి అని కోర్టు చెప్పింది. 1975లో మరో ఆంధ్రప్రదేశ్ కేసులో, చిట్ర వెంకటరావు కేసు అంటారు, అదే మాట మళ్లీ గట్టిగా చెప్పారు. దేశంలో ఏ మూల డిస్మిసల్ మీద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసినా ప్రభుత్వ ప్లీడరు ముందుగా తీసే రెండు తీర్పులూ మనవే, ఏం గర్వపడతాం చెప్పండి.

రిట్‌లో చూసేది ఏంటంటే, చట్టం చదవడంలో కంటికి కనిపించే పొరపాటు ఉందా, సాక్ష్యమే లేకుండా నిర్ణయం చేశారా, అధికారం దాటారా. ఇద్దరు సాక్షుల్లో ఎవరిని నమ్మాలన్నది వాళ్లు ముట్టుకోరు. ‘మా లాయరు హైకోర్టులో చీల్చి చెండాడతాడు’ అనుకునేవాళ్లకి అక్కడ అయిదు నిమిషాల్లో ‘ఫైండింగ్ ఆఫ్ ఫ్యాక్ట్’ (కింద కోర్టు సాక్ష్యం చూసి తేల్చేసిన సంగతి) అన్న మాట వినపడగానే సీను అర్థమైపోతుంది.

అయితే ఇదే గోడ మనకి రక్షణ కూడా, ఈ సంగతి లాయర్లు తగినంత చెప్పరు. కింద గెలిచింది మనమైతే, కంపెనీ వేసే రిట్‌కి కూడా అదే పరిమితి. మా అన్న కేసులో కంపెనీ లాయరు చొక్కా విషయం మళ్లీ ఎత్తబోతే అది సాక్ష్యం తూచే పని, ఇక్కడ కుదరదని మా వైపు వాదన. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, పెట్టగలిగిన డబ్బు, బలం అంతా కిందే పెట్టండి, పైకి వెళ్లినప్పుడు కాపాడుకునే స్థానంలో ఉండండి, దండెత్తే స్థానంలో కాదు.

ఇంకో మంచి ఫీచర్ 17బి. రీఇన్‌స్టేట్‌మెంట్ (తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమనే) అవార్డు మీద యాజమాన్యం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళితే, ఆ కేసు నడిచినంతకాలం కార్మికుడికి ఆఖరున తీసుకున్న జీతం నెలనెలా ఇవ్వాలి. 1984 నుంచి ఉన్న సెక్షన్, అయినా దాన్ని అడగని కార్మికులు ఇప్పటికీ ఉన్నారు. దానంతట అది రాదు. నేను మరెక్కడా ఉద్యోగం చేయడం లేదని అఫిడవిట్ వేయాలి. అక్కడ నిజమే రాయండి. ఆటో నడుపుకుంటున్నా, తమ్ముడి షాపులో కూర్చుంటున్నా మీ లాయరుకి ముందే చెప్పండి, ఏది ఉద్యోగం కిందికి వస్తుంది, ఏది రాదు అన్నది ఆయన చూసుకుంటాడు. కంపెనీ వాళ్లు ఫొటోలు తీయించి మరీ వేసిన కేసులు చూశాను. ఇంకో మెలిక, ఆఖరి జీతం అంటే అప్పటి జీతమే, ఈ మధ్యలో పెరిగిన జీతాలు, డీఏలు లెక్కలోకి రావు, కాబట్టి కేసు సాగేకొద్దీ ఆ మొత్తం కూరగాయలకి సరిపోతే గొప్ప. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

గెలిచినవాళ్లకి ఓ మాట. అవార్డులో ‘కంటిన్యుటీ ఆఫ్ సర్వీస్’ (సర్వీసు మధ్యలో తెగనట్టే లెక్క) అని ఉంటే మధ్యలో పోయిన ఇంక్రిమెంట్లన్నీ కలుస్తాయని అనుకుంటారు. ఏపీఎస్ఆర్టీసీ కేసులోనే 2003లో సుప్రీంకోర్టు కాదంది, డ్యూటీ చేయని కాలానికి ఇంక్రిమెంట్లు కావాలంటే అవార్డులో ఆ మాట విడిగా ఉండాలి. కాబట్టి క్లెయిమ్ స్టేట్‌మెంట్ రాసేటప్పుడే అటెండెంట్ బెనిఫిట్స్ (సర్వీసుతో పాటు వచ్చే మిగతా ప్రయోజనాలు) అని కూడా అడగమనండి, చివర్లో గుర్తొస్తే లాభం లేదు. బ్యాక్ వేజెస్ విషయంలో 2013లో మహారాష్ట్ర టీచర్ కేసు మనకి అనుకూలం, అన్యాయంగా తీసేసినట్టు తేలితే పాత జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి అని అందులో ఉంది. ఖాళీగా ఉన్నానని మొదటి పిటిషన్‌లోనే రాసుకుంటే, కాదని చూపించే బరువు కంపెనీ మీద పడుతుంది.

ఆర్బిట్రేటర్ సంగతి. 10ఏ సెక్షన్ కింద యాజమాన్యం, యూనియన్ ఇద్దరూ ఒప్పుకుని మధ్యవర్తిని పెట్టుకోవచ్చు, కోర్టు వాయిదాల గొడవ ఉండదు, త్వరగా తేలుతుంది అని అమ్ముతారు. కాగితం మీద బానే ఉంటుంది. ఈ సర్వీసు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసు ఒక్కటి చదివితే చాలు. 1973లో సమ్మె చేశారని ఎనిమిది వందల మందికి పైగా కార్మికుల్ని డిశ్చార్జి చేశారు, తర్వాత కొందరిని తిరిగి తీసుకున్నారు, మిగిలినవాళ్ల గొడవ ఆర్బిట్రేటర్ దగ్గరకి వెళ్లింది. ఆయన యాజమాన్యం చేసింది సరైనదే అన్నారు. గుజరాత్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1979 నవంబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు ఒక వైపు, ఒకరు మరో వైపు. మెజారిటీ తీర్పు రాసింది మళ్లీ మన కృష్ణయ్యరే. ఆర్డర్ మీద ‘డిశ్చార్జి’ అని మర్యాదగా రాసినా లోపల ఉన్నది మిస్‌కండక్ట్ శిక్షే, 10ఏ ఆర్బిట్రేటర్‌కి కూడా 11ఏ అధికారం ఉంది, దాన్ని వాడకపోతే హైకోర్టు సరిదిద్దొచ్చు అని తేల్చి, 75 శాతం బ్యాక్ వేజెస్ ఇప్పించారు. ఆర్బిట్రేటర్ అవార్డు మీద రిట్ వేయొచ్చన్నది అంతకుముందే 1962లో హింద్ సైకిల్స్ కేసులో చెప్పి ఉన్నారు.

దీన్నిబట్టి నేను తీసుకున్న నిర్ణయం ఏంటంటే, మధ్యవర్తి ఓడించాక హైకోర్టు ఇలా ఆదుకోవడం ప్రతిసారీ జరిగేది కాదు. అక్కడ కోర్టు మనసు పెట్టి ముసుగు తీసి చూసింది కాబట్టి జరిగింది. మీకు ఆ మనిషి మీద పూర్తి నమ్మకం ఉంటే తప్ప, మా యూనియన్‌లో 10ఏ కాగితం మీద సంతకం పెట్టనివ్వను.

సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది మాకు సంబంధం లేదనుకోవద్దు. మీ అపాయింట్‌మెంట్ లెటర్ చివరి పేజీలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందేమో చూడండి, అది వేరే జాతి, 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద నడిచేది. మీరు చట్టం దృష్టిలో వర్క్‌మన్ (కార్మికుడు) అయితే అలాంటి క్లాజు మిమ్మల్ని లేబర్ కోర్టునుంచి ఆపలేదని కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ కేసులో బాంబే హైకోర్టు 2012లో చెప్పింది. మేనేజర్ స్థాయిలో ఉన్నవాళ్లకి ఆ దారి లేదు. అక్కడ అవార్డుని సవాలు చేసేది 34వ సెక్షన్ కింద, మూడు నెలల్లోపు, గట్టి కారణం చూపిస్తే ఇంకో ముప్ఫై రోజులు, అంతే. శిక్ష ఎక్కువైంది అన్న మాట అక్కడ చెల్లదు. చెన్నైలో ఐఎస్‌జీ నోవాసాఫ్ట్ మీద ఓ మహిళా ఉన్నతోద్యోగి వేసిన కేసులో ఆర్బిట్రేటర్ రెండు కోట్లు ఇప్పించారు, హైకోర్టు సింగిల్ జడ్జి దానిపైన కోటీ అరవై లక్షలు కలిపారు, డివిజన్ బెంచ్ ఆ కలిపినదాన్ని యాభై వేలకి దించేసింది. అసలు కోర్టు అవార్డుని మార్చొచ్చా, కొట్టేయడమో ఉంచడమో తప్ప వేరే అధికారం లేదా అన్న ప్రశ్న మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నాలుగు ఒకటి తేడాతో, పరిమితంగా మార్చొచ్చు అంది. పరిమితం అన్న మాట కింద ఇకమీదట ఎన్ని కేసులు నడుస్తాయో చూడాలి.

చివరగా, ఇప్పుడు కొత్తగా ఛార్జిషీటు అందుకున్నవాళ్ల కోసం. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పైన నేను చెప్పిన 11ఏ అధికారం అందులో 50వ సెక్షన్‌గా ఉంది, స్వచ్ఛంద ఆర్బిట్రేషన్ 42గా ఉంది. లేబర్ కోర్టు అన్న మాట పోయి ఇద్దరు సభ్యుల ట్రిబ్యునల్ అంటున్నారు, ఒకరు జడ్జి, ఒకరు పరిపాలన వైపు నుంచి. ఆ రెండో ఆయన గురించి నాకు అనుమానమే, ఫ్యాక్టరీ ఎంక్వయిరీ ఫైలు చదవడం ఆఫీసు ఫైలు చదవడం లాంటిది కాదు. సస్పెన్షన్‌లో పెడితే ఎంక్వయిరీ మామూలుగా తొంభై రోజుల్లో ముగించాలని, అప్పటిదాకా సగం జీతం, ఆలస్యానికి కారణం కార్మికుడు కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలని 38వ సెక్షన్ అంటోంది, అది మంచిదే. పాత చట్టంలో నేరుగా వెళ్లడానికి మూడేళ్ల గడువు ఉండేది, ఇప్పుడు రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ ఆఫీసర్ (రాజీ కుదిర్చే లేబర్ అధికారి) ముట్టుకోకూడదు. డిస్మిసల్ ఆర్డర్ పట్టుకుని ‘కాస్త చల్లబడ్డాక మేనేజ్‌మెంట్‌తో మాట్లాడదాం’ అని ఇంట్లో కూర్చున్నవాళ్లు మా దగ్గరే ఇద్దరున్నారు. ఆ కవరు మీద తేదీ చూసుకుని ఈ వారమే లేబర్ ఆఫీసుకి వెళ్లి అర్జీ పెట్టి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి, ఎంక్వయిరీ కాగితాల పూర్తి సెట్టు సర్టిఫైడ్ కాపీ కావాలని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం కూడా అదే రోజు పెట్టండి.